సదరు పొగమంచు

పోనీ నొక్కేశాననే అనుకుందాం. ఆరు క్లిప్పులు, ఆరు చిన్న శబ్దాలు, అంతా కలిపి పది నిమిషాలు. ఆ తర్వాత? ఆ తర్వాత అన్న దగ్గరికి రాగానే నా ఆలోచన ఘాట్ రోడ్డు మలుపులా తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది. నొక్కని మనిషిని నేనెరుగుదును. నలభై నాలుగేళ్లుగా అతనితోనే కాపురం ఉంటున్నాను. నొక్కిన మనిషి ఎవరో నాకు పరిచయం లేదు. పరిచయం లేనివాడికి మన బొటనవేలు అప్పగించడం ఎంతవరకు మంచిది...

"ఇంకా దాన్నే చూస్తన్నారేటండీ?"

మా ఆవిడ కుసుమ గొంతు అది. నేను మా ఇంటి ముందు, మా కారుకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఉదయం ఆరు కావస్తోంది. పుష్యమాసం. వీధి చివరి కొళాయి కూడా కనిపించనంత మంచు. నా ఒళ్లో ఒక అట్టపెట్టె, అందులో రెండు నల్లటి ప్లాస్టిక్ చట్రాలు. కారు ముందు బంపరులో, కిందుగా, రెండు వైపులా ఉండే ఫాగ్ లైట్ల చుట్టూ, ఒక్కోటి ఆరు క్లిప్పులు నొక్కి, బిగించేవి. జతగానే అమ్ముతారు. బజారులో వీటిని ఫాగ్ లైట్ కవర్లంటారు. మా ఆఫీసులో 'హిమధూమ దీప పరివేష్టక చట్రములు' అంటారు. ఆ పేరు పెట్టింది నేనే.

పదహారు రోజుల క్రితం సంత నుంచి వస్తున్న ఆటో మీంచి ఒక గుమ్మడికాయ జారి, వాలు రోడ్డు మీద దొర్లుకుంటూ వచ్చి మా కారు ఎడమ చెంపకు కొట్టుకుంది. గుమ్మడికాయకి ఏమీ కాలేదు. చట్రం మూడు ముక్కలైంది. ఈ కారులో లైటును పట్టి ఉంచేది ఆ చట్రమే కాబట్టి లైటు ఊడి, తీగ మీద వేలాడుతూ నేలను చూడటం మొదలుపెట్టింది. కుసుమ దాన్ని ఫైళ్లకు కట్టే ఆకుపచ్చ ట్యాగు దారంతో బంపరుకి కట్టింది. నాలుగు కుదుపులకి దారం వదులయ్యేది. లైటు మళ్లీ నేలచూపులు చూసేది.

కుసుమ పెదగెడ్డ బాలికల ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. ఇక్కడి నుంచి ముప్ఫై ఒక్క కిలోమీటర్లు, అంతా కొండ దారి. మొదటి గంట ఏడున్నరకు కొడతారు.

"నిన్న మళ్లీ లారీ," అంది టిఫిన్ డబ్బా వెనక సీట్లో పెడుతూ. "ఏడో మైలు మలుపులో. ఆడికి ఒక్క లైటే అగుపడిందంట. మోటారు సైకిలనుకుని, మోటారు సైకిలుకి చాలినంత దారి ఇచ్చి మిగతాదంతా తనే తీసుకున్నాడు. అద్దానికీ అద్దానికీ మధ్య బెత్తెడు. మళ్లీ దిగొచ్చి నన్నే కోప్పడ్డాడు."

"ఏమని?"

"'అమ్మా, నువ్వు కారువని ముందే చెప్పొద్దా?' అని."

"హెడ్‌లైట్లు వేసుకోకపోయావా?"

"ఏసుకుంటే మంచంతా తెల్లగోడలా లేచి మొహం మీదికొస్తాది. ఈ కొండ మీద అందరం కింద లైట్లతోనే పోతాం. మీకెలా తెలుస్తాదిలెండి, నడిచి ఆఫీసుకి పోయేవారు." నా ఒళ్లోని పెట్టెలోకి తొంగి చూసింది. "పోనీ, నేను నొక్కీనా?"

"నువ్వు నొక్కితే నేను నోటీసు ఇవ్వాలి."

"ఎవరికి?"

"నీకు."

"ఇచ్చీండి. వంటింటి తలుపుకి అంటించీండి, పాల లెక్క కాగితం పక్కన."

"నోటీసు తర్వాత కారుకి ముసుగు వేస్తారు, కుసుమా."

ముసుగంటే ఈ ఊళ్లో అందరికీ భయమే. నలభై ఐదు రోజులు కారు కదలకూడదు. పెదగెడ్డకు తొమ్మిదింటి దాకా బస్సు లేదు. రోజూ రెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చే టీచరును ఆ బడి ఎన్నాళ్లు ఉంచుకుంటుంది? ఆ బడిలో లెక్కలు చెప్పడానికి అంతకుముందు ఆరేళ్లు ఎవరూ రాలేదు.

"అయితే మీ అనుమతి వచ్చేదాకా నేను మోటారు సైకిల్నే," అని కారెక్కింది. వీధి మలుపు దాకా ఒక్క లైటు కనిపించింది. తర్వాత అదీ లేదు.

మా ఆఫీసు గురించి చెప్పాలి. దాని పేరు వాహన ముఖరూప పరిరక్షణ విభాగం. మూడేళ్ల క్రితం పైస్థాయి వారెవరో ఒక సదస్సుకు వెళ్లి, కార్లకు ముఖాలుంటాయనీ, ఎదురుగా వచ్చే కారు ముఖం కోపంగా ఉంటే చూసినవాడికీ కోపం వస్తుందనీ, రోడ్డు ప్రమాదాలన్నిటికీ మూలం అదేననీ తెలుసుకుని తిరిగొచ్చారు. రోడ్లకు గుంతలున్నాయని అంతకుముందే తెలుసు. కాని గుంతల్లో కొత్తదనం లేదు. ఆరు నెలల్లో విభాగం ఏర్పడింది. నాకు మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే ఉంది. పద్దెనిమిదేళ్లుగా అది ఎవరికీ పనికిరాక పెట్టెలో పడి ఉంది. నన్ను పిలిచి ముఖభావ పరిశీలకుడిగా వేశారు.

కారుకు నాలుగు భావాలు అనుమతిస్తాం: ప్రసన్నం, తటస్థం, గాంభీర్యం, వినయం. కోపం, విషాదం, వెటకారం నిషిద్ధం. ఆశ్చర్యం అంబులెన్సులకు మాత్రమే. నియమావళి రాసేటప్పుడు హెడ్‌లైట్లు కళ్లనీ, బంపరు దవడ అనీ అందరూ ఒప్పుకున్నారు. ఫాగ్ లైటు చట్రం దగ్గర చర్చ గంటసేపు ఆగిపోయింది. నాకు ఆకలేస్తోంది. "బుగ్గ మీద సొట్ట అనుకుంటే సరి," అన్నాను నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. రాసుకున్నారు. అదే పద్నాలుగో నిబంధన అయింది: 'బుగ్గ భాగములో సొట్టను చేర్చుట, తీసివేయుట లేక మార్చుట ద్వారా వాహన ముఖభావము మారు అవకాశము ఉన్నందున, గృహ ఆవరణలో సదరు పని చేయుటకు విభాగపు లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి.'

అనుమతి లేకుండా చేసినవాళ్ల కార్లకు ముందు భాగమంతా ఖాకీ గుడ్డ ముసుగు కట్టి సీలు వేస్తాం. ఊళ్లో ఇప్పటికి ముప్ఫై నాలుగు ముసుగులున్నాయి. ఒకదాన్ని పెళ్లికారు అనుకుని ఎవరో బంతిపూలు కట్టి పోయారు. ఆ ముప్ఫై నాలుగు నోటీసుల మీదా ఉన్నది నా సంతకమే.

కాబట్టి చట్రం కొన్న రోజునే దరఖాస్తు పెట్టాను. కుసుమ దీన్ని నిజాయితీ అనుకుంటుంది. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. కాని పీట మీద కూర్చుని చాలాసేపు లోపలికి చూసుకుంటే వేరే సంగతి కనిపించింది. అనుమతి అడగడంలో నాకొక సుఖం ఉంది. అడిగినంతసేపూ చెయ్యక్కర్లేదు. చేస్తే తప్పు అవచ్చు, అడిగితే అవదు. చిన్నప్పుడు మా అమ్మ "ఆడుకోడానికి పోరా" అన్నా, "పోనా?" అని మళ్లీ అడిగి, ఆవిడ రెండోసారి అనేదాకా గుమ్మంలో నిలబడేవాణ్ణట. అప్పటికి ఆట అయిపోయేది. ఎలా నొక్కాలో చూపే వీడియోను నేను నలభై ఒక్కసార్లు చూశాను. అందులో ఒకాయన నవ్వుతూ మాట్లాడుతూనే చట్రం నొక్కేస్తాడు. ఆయన ముఖంలో ఏ సంఘర్షణా లేదు. అది నన్ను చాలా కలవరపెట్టింది.

నా దరఖాస్తు డిప్యూటీ డైరెక్టర్ జలుమూరి పురుషోత్తంగారి బల్ల మీద పన్నెండు రోజులు ఉంది. ఆయన మంచివారు. దేన్నయినా పూర్తి వాక్యంలో చెబుతారు. ఆ రోజు నన్ను పిలిచి కళ్లజోడు తుడుచుకున్నారు.

"త్రినాథరావుగారూ, తమ దరఖాస్తు ఈ విభాగ చరిత్రలో ఒక మైలురాయి. పరిశీలకుడే దరఖాస్తుదారు కావటం ఇదే ప్రథమం. తమ భార్యగారి వాహన ముఖభావాన్ని తామే నిర్ధారించుట న్యాయసూత్రాలకు విరుద్ధం."

"నిజమే సార్."

"కావున ఈ ఒక్క కేసు నిమిత్తం ఇన్‌ఛార్జి పరిశీలకుడిగా గురువులును నియమించుచున్నాను."

గురువులు మా అటెండరు. అప్పుడే టీ తెచ్చి గ్లాసులు దించుతున్నాడు. చేతికి కారు ఫొటో ఇచ్చారు. అతను దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"ఏడ్చినట్టుంది బాబూ."

"శాస్త్రీయంగా చెప్పు."

"ఎడం కన్ను కింద ఏలాడతంది కదండీ. మా బామ్మరిది పన్ను పీకించుకున్న రోజున ఇలాగే ఉన్నాడు."

"విషాదం," అని రాసుకున్నారు పురుషోత్తంగారు. "చట్రము అమర్చిన పిదప ఏ భావము సంభవించును?"

"నవ్వతాదేమో."

"నవ్వు నాలుగింటిలో లేదు."

"అయితే నవ్వీ నవ్వనట్టుగా ఉంటాదండి."

"ప్రసన్నం." కలం మూత పెట్టారు. నాకు గుండె తేలికైంది. ఆయన మళ్లీ మూత తీశారు. "ఇక అవసరము. చట్రము దీపమునకు. దీపము పొగమంచునకు. పొగమంచు లేనిచో దీపము అలంకారం. అలంకారం వెటకారానికి తొలిమెట్టు. కావున తమ భార్యగారు ప్రయాణించు మార్గములో పొగమంచు ఉన్నట్లు మనము ధ్రువీకరించుకోవలె."

"ఉంది సార్. రోజూ ఉంటుంది. ఇప్పుడు కూడా పొద్దున..."

"ఉన్నదని తమరనుట వేరు, ఉన్నట్లు పంచనామా ఉండుట వేరు."

మంగళవారం పదకొండున్నరకు మేం ముగ్గురం జీపులో ఏడో మైలు మలుపుకు వెళ్లాం. ఎండ కొబ్బరినూనెలా కారుతోంది. లోయ అడుగున కాఫీ తోటల్లో ఆకులు కూడా లెక్కపెట్టవచ్చు. పురుషోత్తంగారు నాలుగు దిక్కులా చూసి, టేపు పెట్టి మలుపు కొలిపించి, గురువులు చేత రాయించారు: 'విధినిర్వహణ వేళలో సదరు స్థలమందు పొగమంచు కానరాలేదు.'

"సార్, మంచు పొద్దున నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. ఒక్కరోజు ఆరింటికి వస్తే..."

"ఆఫీసు వేళలు పదిన్నర నుంచి ఐదు. ఆ వేళలకు వెలుపల సంభవించు ప్రకృతి దృశ్యములు విభాగపు పరిధిలోనికి రావు. ఈ రోజు మంచు కోసం ఆరింటికి వస్తాం. రేపు వెన్నెల అంటారు."

"మరి మంచు ఆఫీసు వేళల్లో రాదు కదండీ?" అన్నాడు గురువులు.

"రాదని నీవెట్లు చెప్పగలవు? రమ్మని మనము ఎన్నడైనా పిలిచితిమా?"

ఆ మాట ఆయన ఎదురుప్రశ్నగానే అన్నారని నా నమ్మకం. కాని అన్న తర్వాత ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఏ ఆలోచన అయినా పుట్టిన క్షణంలో అందంగానే ఉంటుంది. దాన్ని అప్పుడే పడుకోబెట్టాలి. మేం జీపులో కూర్చోబెట్టి ఆఫీసుకు తీసుకొచ్చాం. సాయంత్రానికి అది నోటీసు అయింది. భాష నాదే. నాకు వేరే భాష రాదు.

'ఏడవ మైలు మలుపు వాస్తవ్యులైన పొగమంచునకు తెలియజేయడమేమనగా: శ్రీమతి పేడాడ కుసుమ గారి వాహనము విషయమై తమ ఉనికిని నిర్ధారించవలసి ఉన్నందున, వచ్చు వారము గురువారము పగలు పదకొండు గంటలకు సదరు స్థలమందు తాము స్వయముగా హాజరు కావలెను. గైర్హాజరైనచో తాము లేనట్లుగా భావించి తగు చర్య తీసుకొనబడును.'

పోస్టులో పంపితే చిరునామాదారు లేరని తిరిగొచ్చింది. నిబంధన ప్రకారం మైలురాయికి అంటించాం. ఆపైన దండోరా. గురువులు కంచం, గరిటె పట్టుకుని ఘాట్ రోడ్డు మీద కేకేశాడు: "ఇందుమూలంగా యావన్మందికీ, మంచుగారికీ తెలియజేయడమేమనగా..." టీ కొట్టు ముసలామె బయటికొచ్చి, "ఎవురు సచ్చిపోనారు నాయినా?" అని అడిగిందట.

ఆ రాత్రి అన్నం తింటూ కుసుమకు ఇదంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. మజ్జిగ పోస్తున్న చేయి మధ్యలో ఆగింది.

"మంచుకి నోటీసు ఇచ్చారా?"

"సక్రమంగా అందజేశాం."

"మంచొస్తాది," అంది. "మీకంటే అదే నయం, పిలవకపోయినా రోజూ వస్తంది. నేనొక మాట అడుగుతాను, మీరు లోపలికి చూసుకోకుండా చెప్పండి. రేపు ఆ లారీ బెత్తెడు ఇటు జరిగితే, మీ అనుమతి ఎవరి పేరున వస్తాది?"

నేను జవాబు కోసం లోపలికి చూసుకున్నాను. అక్కడ గుమ్మంలో నిలబడి "పోనా?" అని అడుగుతున్నవాడే ఉన్నాడు. పైకి వచ్చేసరికి కుసుమ కంచం ఎత్తుకుని వెళ్లిపోయింది.

గురువారం పదకొండింటికి మంచు హాజరు కాలేదు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. లేనట్లుగా భావించి తగు చర్య తీసుకోవలసిన పురుషోత్తంగారు ఎందుకో తీసుకోలేదు. నా ముఖం చూశారేమో. మూడేళ్లుగా ముఖాలు చూస్తున్న విభాగం కదా.

"సహజన్యాయం ప్రకారం ఇంకొక్క అవకాశం," అన్నారు. "హాజరుకానివారి తరఫున ప్రతినిధిని అనుమతించవచ్చు. పంచాయతీ వారి దగ్గర దోమలకు పొగ వేసే యంత్రం ఉన్నది కదా?"

శుక్రవారం. ఏడో మైలు మలుపు. కుసుమ సగం రోజు సెలవు పెట్టి కారు తెచ్చింది. పంచాయతీ మనిషి పైడిరాజు తుపాకీలా ఉన్న పొగ యంత్రాన్ని భుజానికి తగిలించుకుని వచ్చాడు. ఆదేశాలు విని తల గోక్కున్నాడు.

"సారూ, ఇది దోమలకండి. మంచుకి కాదు."

"దోమలను ఉద్దేశించి కాక, పొగమంచు తరఫున వేయుము."

"దోమలకి ఎయ్యమంటే ఎయ్యరు, లేని మంచుకి ఎయ్యమంటారు," అని గురువులుతో అంటూ యంత్రంలో డీజిలు పోసుకున్నాడు. "మా ఈదికి ఒక్కపాలి రండి బాబూ, దోమలు మీ సంతకం కోసం కాసుక్కూకున్నాయి."

పురుషోత్తంగారు అందరికీ స్థానాలు కేటాయించారు. కారు మలుపుకు కింద నుంచి, నడిచే మనిషి వేగంతో, కింది లైట్లు మాత్రమే వేసుకుని రావాలి. కుసుమ "రోజూ చేస్తన్నదే కదా" అని స్టీరింగ్ దగ్గర కూర్చుంది. ఎదుటి నుంచి ఒక లారీ రావాలి. లారీ అద్దెకు తెచ్చే పద్దు మాకు లేదు. నా ఛాతీకి ఒక కాగితం పిన్నుతో గుచ్చారు. 'ఎదురు వాహనము (లారీ).' చట్రాలున్న అట్టపెట్టెకు ముందురోజే లక్క సీలు వేసి, సాక్ష్యవస్తువుగా దాన్ని నా సంరక్షణలోనే ఉంచారు. దాన్ని చంకలో పెట్టుకుని రోడ్డు మధ్య నిలబడ్డాను. లారీగా ఉండటం మొదట్లో బావుంది. లారీకి మనస్తత్వం లేదు. బరువు ఉంది, దిశ ఉంది.

"మంచు ప్రవేశించవచ్చును!" అన్నారు పురుషోత్తంగారు.

యంత్రం గుర్రుమంది. తెల్లటి దట్టమైన పొగ గుట్టలు గుట్టలుగా వచ్చి మమ్మల్ని మింగేసింది. ముందు కొండ పోయింది, తర్వాత జీపు, తర్వాత గురువులు, చివరికి నా చేతులు. కిరసనాయిలు వాసనకి కళ్లు మండిపోయాయి. దగ్గులు వినిపిస్తున్నాయి, ఎవరివో తెలియడం లేదు. ఆ తెలుపులో నిలబడి మొట్టమొదటిసారి ఒక సంగతి గమనించాను: నాకు భయంగా ఉంది. ఇది ఆలోచన కాదు, విశ్లేషణ కాదు. మామూలు భయం. కుసుమ రోజూ పొద్దున ఇందులోకే పోతోంది.

ఇంజను చప్పుడు వినిపించింది. ఎక్కడి నుంచో తెలియలేదు. తర్వాత ఒకే ఒక పసుపు చుక్క, నాకు ఎడమవైపు, మెల్లగా పెద్దదవుతూ వచ్చింది.

మోటారు సైకిల్, అనుకున్నాను.

అనుకున్నాను అనడం కూడా తప్పు. ఆలోచన రాకముందే నా కాళ్లు ఒక అడుగు పక్కకు వేసి, మోటారు సైకిలుకు చాలినంత దారి ఇచ్చి, నిబ్బరంగా నిలబడ్డాయి. అది కారని, నా భార్య కారని, ఎడమ లైటు నేలను చూస్తోందని, నాకన్నీ తెలుసు. ఇన్ని రోజులుగా ఆ లైటు ముందే పీట వేసుకుని కూర్చున్నాను. అయినా నా కాళ్లు మోటారు సైకిలుకే దారి ఇచ్చాయి. మరుక్షణం బంపరు ఎడమ అంచు నా మోకాలికి తగిలింది. మెత్తగా తగిలింది, ఆవు మూతితో తోసినట్టు. నేను కూలబడ్డాను. బ్రేకు కీచుమంది.

"ఏమండీ! ఎక్కడున్నారు? తగిలిందా?"

"తగల్లేదు. కదలకు. ఇంజను ఆపు. అక్కడే ఉండు."

పొగలో ఎక్కడో పురుషోత్తంగారు దగ్గుకు దగ్గుకు మధ్య చెప్పి రాయిస్తున్నారు. "రాయుము గురువులూ. పొగమంచు విధివేళలో సంతృప్తికరముగా సంభవించినది."

"కాయితం అగుపడ్డం లేదు బాబూ."

"జ్ఞాపకముంచుకొనుము. అవసరము రుజువైనది. ఇక వాహన ముఖభావము. ముఖము ఎక్కడ?"

"అదీ అగుపడ్డం లేదండి."

పురుషోత్తంగారు ఆలోచిస్తున్నారు. ఆలోచన పూర్తయ్యాక ఆయన గొంతులో నిజమైన విచారం ఉంది. "పొగమంచు ఉన్నప్పుడు ముఖము కానరాదు. ముఖము కానవచ్చునప్పుడు పొగమంచు లేదు. రెండును ఏకకాలమందు లభించువరకు అనుమతి విషయము పరిశీలించుటకు వీలుపడదని రాయుము. త్రినాథరావుగారికి నా సానుభూతి కూడా రాయుము. లారీ ఎక్కడున్నది?"

"ఇక్కడే సార్," అన్నాను.

"కదలుచున్నదా?"

"ఆగింది సార్."

"మంచిది. పొగ తగ్గువరకు ఆగియే ఉండవలెను."

నేను రోడ్డు మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాను. లక్క సీలు గోటికి రాలేదు. పళ్లతో కొరికాను, చేదుగా ఉంది. పెట్టెలోంచి ఎడమ చట్రం తీశాను. ఏమీ కనిపించడం లేదు, అదొక మేలు. తడుముకుంటూ ట్యాగు దారం ముడి విప్పి, బంపరులో మిగిలిన పాత ముక్కలు లాగేశాను. వేలాడుతున్న లైటును కొత్త చట్రం వెనక కూర్చోబెట్టి ఒక తిప్పు తిప్పాను. పట్టుకుంది. చట్రాన్ని బంపరు ఖాళీలో ఆనించి పైమూల నొక్కాను.

టక్.

"ఏమిటా శబ్దం?" అన్నారు పురుషోత్తంగారు.

నా చేయి ఆగిపోయింది. ఇప్పుడు చెప్పవచ్చు. 'సార్, నొక్కనా?' అని అడగవచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి కూర్చుంది కూడా.

"మిసను సల్లారతంది సార్," అన్నాడు పైడిరాజు. యంత్రం మాత్రం ఇంకా గుర్రుమంటూనే ఉంది.

రెండోది నొక్కాను. మూడోది.

"మళ్లీ శబ్దం. గురువులూ, నీకు వినపడినదా?"

"నాకేటీ ఇనపళ్లేదు బాబూ. ఇన్‌ఛార్జి పరిశీలకుణ్ణి కదండీ, ఇనపడితే సెప్పనా?"

నాలుగోది. ఐదోది. కారు కిటికీ దిగిన చప్పుడు. పైనుంచి కుసుమ గొంతు, దగ్గుతూ, చాలా చిన్నగా: "ఏటి చేస్తన్నారండీ కింద?"

ఆరో క్లిప్పు కింది మూలలో ఉంది, మిగతావాటి కంటే బిగుతుగా. చిటికెనవేలితో వెతికి పట్టుకున్నాను. పొగ పలచబడుతోంది; జీపు చక్రం ఒకటి లీలగా కనిపించడం మొదలైంది. లోపలికి చూసుకోలేదు. బొటనవేలు ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా దాని మీద పెట్టి, నొక్కాను.